గ్రాఫు చివర ఎందుకు వంగింది: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనుభవం

అనంతపురంలో ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకి నేను మలోనిక్ ఆసిడ్ తీసుకున్నాను. అది 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంకాస్త వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ వదిలేసి అసిటిక్ ఆసిడ్ అవుతుంది. వచ్చే గ్యాస్ కొలిస్తే చాలు, రియాక్షన్ వేగం తెలుస్తుంది. పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు, వేడి చేయడానికి ఆయిల్ బాత్, గ్యాస్ బ్యూరెట్ (వచ్చిన గ్యాస్ లోపలి నీళ్లని కిందికి నెడితే ఎంతొచ్చిందో చూపే గీతల గొట్టం) ఉంటే అయిపోతుంది.

బ్యూరెట్లో మామూలు నీళ్లు పోయొద్దని ల్యాబ్ అన్న మొదటిరోజే చెప్పాడు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు ముప్పావు లీటరు దాకా ఆ గ్యాస్‌ని తాగేస్తాయి మరి. అందుకే కొంచెం ఆసిడ్ కలిపిన చిక్కటి ఉప్పునీళ్లు పోశాను.

0.208 గ్రాముల మలోనిక్ ఆసిడ్‌కి 50 మి.లీ. పైచిలుకు గ్యాస్ రావాలి, వచ్చింది. ఇది ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ (మిగిలిన ఆసిడ్ ఎంతుంటే వేగం ఆ నిష్పత్తిలో ఉండేది) అయితే, అంతా అయిపోయాక తీసిన చివరి రీడింగులోంచి ఒక్కో రీడింగు తీసేసి, ఆ తేడాకి లాగ్ కట్టి టైముతో గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలి. మొదటి సగం స్కేలు పెట్టి గీసినట్టే ఉంది, చివరికొచ్చేసరికి రేఖ పడుకుంటోంది. మూడుసార్లు చేసినా అంతే. "సెకండ్ ఆర్డరేమో చూడమ్మా" అన్నారు సర్. అంటే వేగం మిగిలిన ఆసిడ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుందేమోనని. దాని వెంట రెండు వారాలు పడ్డాను, టెన్షన్‌తో నిద్ర లేదు.

ఒకరోజు భోజనం చేసొచ్చి బ్యూరెట్ ముందు ఊరికే కూర్చున్నా. రియాక్షన్ ఎప్పుడో అయిపోయింది, అయినా ఉప్పునీళ్ల మట్టం సన్నగా కిందికి జారుతూనే ఉంది. గోడమీద థర్మామీటర్ చూస్తే 40. పొద్దున 11 గంటలకి రాసుకున్నది 32! మే నెల, ఏసీ లేని ల్యాబ్. అంటే మధ్యాహ్నం తీసిన చివరి రీడింగు, గ్యాస్ వ్యాకోచించి, 1.3 మి.లీ. దాకా ఎక్కువ చూపిస్తోంది. మొదట్లో 50లో అది లెక్కలోకి రాదు గానీ, ఆఖర్న మిగిలేది 3 మి.లీ. అయినప్పుడు రేఖని వంచేస్తుంది.

బ్యూరెట్ చుట్టూ నీళ్ల జాకెట్ పెట్టాను. 1926లో గుగ్గెన్‌హైమ్ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతిలో, చివరి రీడింగుతో పనే లేకుండా, సమాన వ్యవధిలో తీసిన జంట రీడింగుల తేడాలకి లాగ్ వేశాను. రేఖ చివరిదాకా వంకర లేకుండా తిన్నగా వచ్చింది, ఫస్ట్ ఆర్డరే. తర్వాత 140, 145, 150, 155 డిగ్రీల దగ్గర చేసి అర్హీనియస్ గ్రాఫు (వేడితో రియాక్షన్ వేగం ఎలా మారుతుందో చూపేది) గీయడానికి వారం చాలింది.

వంగిన మూడు గ్రాఫుల్నీ గది ఉష్ణోగ్రతలతో సహా రిపోర్టు వెనక పెట్టాను. సర్ తీసేయమన్నారు గానీ నేను తీయలేదు.