ఇరవై ప్రకటనల షీటు

బుధవారం

పొద్దున మెయిల్ తెరిస్తే ఉద్యోగ ప్రకటనల అలర్ట్‌ల వరస. మూడు పోర్టళ్లు, మూడు హోదాలు: డేటా ఎనలిస్ట్, రిపోర్టింగ్ ఎగ్జిక్యూటివ్, బిజినెస్ ఇంటెలిజెన్స్ అసోసియేట్. లోపలికెళ్లి చదివితే చేయాల్సిన పనులు పొల్లు పోకుండా ఒకటే. ఒకే కొలువుకి సంస్థ ఒక పేరు పెడుతుంది, మధ్యలో ఉన్న ఏజెన్సీ ఇంకో పేరు పెడుతుంది. హోదా పేరొక్కటే కొట్టి అలర్ట్ పెట్టుకుంటే పనికొచ్చేవి చాలా కంటపడకుండానే పోతాయి.

అలర్ట్‌లో హోదా కంటే పనిలో వాడే సాధనం పేరు బాగా పనిచేస్తుంది. ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, టాబ్లో లాంటివి రెండు మూడు కలిపి, వాటి మధ్య ‘ఆర్’ (OR) పెట్టాలి. వద్దనుకున్న మాట ముందు ‘నాట్’ (NOT). లింక్డ్‌ఇన్‌లో ఈ రెండూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే కొట్టాలి, చిన్నక్షరాల్లో కొడితే మామూలు మాటలనుకుంటుంది. రెండు మాటల హోదాకి చుట్టూ కొటేషన్ గుర్తులు తప్పనిసరి, లేకపోతే ‘డేటా’ ఒకచోట, ‘ఎనలిస్ట్’ ఇంకోచోట ఉన్న ప్రకటనలన్నీ వచ్చిపడతాయి. గూగుల్‌లో మాత్రం ‘నాట్’ కాదు, మైనస్ గుర్తు. అది మాటకి అతుక్కుని ఉండాలి. మధ్యలో ఖాళీ వదిలితే పనిచేయదు.

లింక్డ్‌ఇన్‌లో ‘గత 24 గంటలు’ అనే ఫిల్టర్ పెట్టాక అడ్రస్ బార్‌ని ఓసారి చూడండి. పొడుగాటి వరసలో 86400 అని ఒక అంకె కనిపిస్తుంది. రోజుకి ఉన్న సెకన్లు అవి. దాన్ని 3600 చేసి ఎంటర్ కొడితే గత గంటలో పడ్డవే మిగులుతాయి. చిన్న కిటుకే గానీ, వందల దరఖాస్తులు పడే కొలువుకి మొదట్లోనే చేరడం ఎంతో కొంత ఉపయోగమే.

ఇంతకీ ఇవాళ రాసుకోవాలనుకున్నది అలర్ట్‌ల గురించి కాదు. కెరీర్ సైట్లు అన్నిట్లోకీ సమాచారం దండిగా ఉండేది ఉద్యోగ ప్రకటనలోనే, దాన్ని మాత్రం దరఖాస్తు చేసే రోజు తప్ప ఎవరూ చదవరు. కోర్సులో చేరకముందే చదవాలి, డిగ్రీ ఎంచుకోకముందే చదవాలి.

దానికి చేయాల్సింది ఒక షీటు. ఒకే స్థాయి కొలువులకి సంబంధించిన 20 ప్రకటనలు. కొత్తవాళ్లకైతే కొత్తవాళ్లవే, అయిదేళ్ల అనుభవం అడిగేవి వాటిలో కలపకూడదు. కలిపితే లెక్క పాడవుతుంది: పెద్ద స్థాయివాళ్లని అడిగే టీమ్ నిర్వహణ, బడ్జెట్ లాంటివి పైకి తేలి, మొదటి మెట్టు మీద కావలసినవి కిందకి పోతాయి. కాలమ్‌లు ఇవి చాలు: ప్రకటన తేదీ, సంస్థ, హోదా, తప్పనిసరి అన్నవి, ఉంటే మంచిది అన్నవి, సాధనాలు, ఆఖరి తేదీ. చివర్లో ఇంకొకటి: ‘చూపించడానికి నా దగ్గరేముంది’. చాలామంది షీటులో ఆ కాలమ్ ఖాళీగా ఉంటుంది, అసలు చదువుకోవాల్సిన సిలబస్ ఆ ఖాళీలే.

ప్రకటన మొత్తాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవడం మరవొద్దు. లింకు దాచుకుంటే చాలదు. గడువు ముగిశాక పేజీ తీసేస్తారు, ఇంటర్వ్యూ పిలుపు ఆ తరవాత వస్తుంది. అప్పుడు వాళ్లేం అడిగారో గుర్తుతెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

20 నిండాక లెక్కపెట్టాలి. 14 ప్రకటనల్లో కనిపించినది నేర్చుకోవాల్సిందే. 6, 7 చోట్ల ఉన్నది రెండో విడతకి. రెండు చోట్ల ఉన్నదాని జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు, అది ఎంత మోజైన పేరయినా సరే. అయితే లెక్కపెట్టే ముందు నకళ్లు తీసేయాలి. ఏజెన్సీలు ఒకే ప్రకటనని నాలుగైదు చోట్ల వేస్తాయి కాబట్టి ఒకే సంస్థ కోరిక అందరి కోరికలా కనబడుతుంది. పనుల వివరంలోంచి ఒక పూర్తి వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి గూగుల్‌లో వెతికితే నకళ్లు చాలావరకు బయటపడతాయి. తరచుగా అసలు సంస్థ పేరు కూడా బయటపడుతుంది.

ఇదంతా ఒక వృత్తిని అనుకున్నవాళ్ల సంగతి. ఏమీ అనుకోనివాళ్లకి మొదటి మెట్టుగా అమెరికా కార్మిక శాఖ నడిపే వృత్తుల సమాచార సైట్ ఓనెట్‌కి మించింది లేదనే నా అభిప్రాయం. ఉచితం, రిజిస్ట్రేషన్ అడగదు, మధ్యలో కోర్సులు అంటగట్టదు. అందులోని ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ అనే ఆసక్తుల పరీక్షలో 60 ప్రశ్నలు. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఆరు కోవలకి, కోవకి పది చొప్పున. ఒక్కో కోవకి 40 దాకా మార్కులు వస్తాయి. దీన్ని పాడుచేసుకునే తీరు దాదాపు అందరిదీ ఒకటే: ‘ఈ పని నాకు ఇష్టమా’ అన్న ప్రశ్నకి ‘ఈ పని నాకు వచ్చా’, ‘దీనికి జీతం బాగుంటుందా’ అన్నవాటికి ఇచ్చే జవాబు ఇస్తారు. చదువునీ జీతాన్నీ పక్కనపెట్టి జవాబివ్వమని మొదట్లోనే చెబుతుంది, ఆ పేజీని ఎవరూ చదవరు. ఇంకో చిక్కు, ఆరింటికీ ఇంచుమించు ఒకే మార్కులు రావడం. ‘తేల్చుకోలేను’ని ఎక్కువసార్లు నొక్కితే అలా జరుగుతుంది. ఆ బటన్ లేదనుకుని ఇంకోసారి చేస్తే తేడాలు కనిపిస్తాయి.

ఫలితం వచ్చాక జాబ్ జోన్ అడుగుతుంది, 1 నుంచి 5 వరకు. 1 అంటే పెద్దగా సన్నద్ధత అక్కర్లేని పనులు, 5 అంటే ఏళ్ల తరబడి చదువూ అనుభవమూ కావలసినవి. ఇప్పుడున్న చదువుకి ఒకటి, చదవగలమనుకున్న చదువుకి ఒకటి, రెండూ చూడాలి. ఒక్కో వృత్తి పేజీలో చేసే పనులు, వాడే సాఫ్ట్‌వేర్లు వరసగా ఉంటాయి. యజమానుల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే సాఫ్ట్‌వేర్లకి ప్రత్యేకంగా గుర్తు ఉంటుంది. షీటులోని సాధనాల కాలమ్‌ని దీనితో సరిచూసుకోవచ్చు. పనుల వివరాలు ఏ దేశంలోవాళ్లకైనా చాలావరకు సరిపోతాయి. జీతాలు, భవిష్యత్తు అంచనాలు మాత్రం అమెరికావి, వాటిని ఇంకో దేశానికి అన్వయించుకోకూడదు.

యూరప్ వైపు చూసేవాళ్లకి ఈస్కో ఉంది. యూరోపియన్ కమిషన్ నిర్వహించే జాబితా, 3000కి పైగా వృత్తులు, 13 వేలకి పైగా నైపుణ్యాలు. ప్రతి వృత్తికీ తప్పనిసరి నైపుణ్యాలు వేరు, ఐచ్ఛికమైనవి వేరుగా చూపిస్తుంది. నాకు నచ్చేది ఆ విభజనే. ఒక వృత్తి నుంచి ఇంకో దానికి మారాలనుకునేవాళ్లు రెండు పేజీలూ పక్కపక్కన తెరిస్తే, రెండిట్లోనూ ఉన్న తప్పనిసరి నైపుణ్యాలే రెజ్యూమెలో పైకి తేవాల్సినవి.

‘వేగంగా పెరుగుతున్న వృత్తులు’ అనే జాబితాల గురించి ఒక మాట. శాతం చూసి మోసపోతారు. 10 వేల మంది ఉన్న వృత్తి పదేళ్లలో 30 శాతం పెరిగితే వచ్చే కొత్త కొలువులు 3 వేలు. 10 లక్షల మంది ఉన్నది 3 శాతమే పెరిగినా 30 వేలు. పైగా ఖాళీల్లో ఎక్కువ భాగం పెరుగుదల వల్ల రావు, రిటైరైనవాళ్లూ వేరే పనిలోకి మారినవాళ్లూ వదిలిన కుర్చీల వల్ల వస్తాయి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రచురించే ఆక్యుపేషనల్ అవుట్‌లుక్ హ్యాండ్‌బుక్‌లో శాతంతో పాటు ఏటా ఎన్ని ఖాళీలో కూడా ఇస్తారు. చూడాల్సింది ఆ రెండోదే.

మధ్యాహ్నం కోర్సుల పేజీలు. అరచేతిలో వైకుంఠం చూపించడంలో వీటి తరవాతే ఏవైనా. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం చేరినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు దాదాపు 3 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోరినవాళ్లలో అది చాలా ఎక్కువ. ఇందులో అర్థం చేసుకోవాల్సింది బద్ధకం గురించి కాదనుకుంటాను. చాలామందికి కావలసింది కోర్సులో ఒక ముక్క, ఆ ముక్క అయ్యాక ఆగిపోతారు. మరి ముందే ఆ ముక్క ఏదో తెలిస్తే? షీటులో 14 సార్లు వచ్చిన నైపుణ్యం సిలబస్‌లో ఏ వారంలో ఉందో చూసి, అక్కడే మొదలుపెట్టొచ్చు. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ దీనికి బాగా అనువైనది. సర్టిఫికెట్ ఇవ్వదు, చేరడమనేదే లేదు. కానీ చాలా కోర్సులకి అభ్యాసాలు, పరీక్ష పేపర్లు, కొన్నిటికి జవాబులతో సహా ఉంటాయి. పరీక్ష పేపర్ ముందు తీసి చేసి చూస్తే ఏది రాదో అరపూటలో తేలిపోతుంది.

డిగ్రీ అయితే గుర్తింపు విచారించాలి. అంతర్జాతీయ విశ్వవిద్యాలయాల సంఘం యునెస్కో సహకారంతో నడిపే ప్రపంచ ఉన్నత విద్యా డేటాబేస్‌లో పేరు ఉందా అని చూడటం మొదటి పని. జర్మనీకి వెళ్లాలనుకుంటే అనాబిన్ అనే సైట్‌లో విద్యాసంస్థ పక్కన ‘హెచ్ ప్లస్’ ఉంటే గుర్తింపు ఉన్నట్టు, ‘హెచ్ మైనస్’ ఉంటే లేనట్టు, రెండూ కలిసి ఉంటే కోర్సుని బట్టి విడిగా తేల్చాల్సి ఉంటుంది. నకిలీ సంస్థలు ‘గుర్తింపు పొందినది’ అని రాయడానికి ఏమీ వెనకాడవు, గుర్తింపు ఇచ్చే సంస్థని కూడా అవే పుట్టిస్తాయి. కాబట్టి కాలేజీ పేరుతో ఆగకుండా, దానికి గుర్తింపు ఇచ్చానంటున్న ఆ తాడూ బొంగరం లేని మండలి ప్రభుత్వ జాబితాలో ఉందో లేదో చూడాలి.

రెజ్యూమె. దీనికి ఒకే ఒక పరీక్ష, నిమిషం పట్టదు: పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. సంస్థలు వాడే దరఖాస్తుల సాఫ్ట్‌వేర్‌కి అందేది కూడా ఇంచుమించు అదే. రెండు కాలమ్‌ల డిజైన్ అయితే ఎడమ వరస, కుడి వరస కలిసిపోయి ‘2021 పైథాన్ మేనేజర్ హిందీ’ లాంటి కలగాపులగం కావచ్చు. ఫోన్ నంబర్ హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవవు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే పేస్ట్ చేసినప్పుడు ఏమీ రాదు. ఇంకో విచిత్రం: కొన్ని ఫాంట్లలో ఇంగ్లీషు ‘ఆఫీస్’ అనే మాట మధ్యలోని ఎఫ్, ఎఫ్, ఐ మూడూ కలిసి ఒకే గుర్తుగా మారతాయి. కాపీ చేస్తే ఒక్కోసారి ఆ మూడూ మాయమై మొదటి అక్షరమూ చివరి రెండూ మిగులుతాయి. ‘సర్టిఫికెట్’కీ అదే గతి. చూపుకి ముచ్చటగా ఉన్న ఆ పేజీలో సర్టిఫికెట్ అని వెతికితే దొరకదు! తేదీలన్నీ నెల, సంవత్సరంగా ఒకే తీరులో ఉండాలి, అనుభవం ఎన్నేళ్లో కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటినుంచే కడతాయి.

సాఫ్ట్‌వేరే రెజ్యూమెలని చెత్తబుట్టలో పడేస్తుందన్న భయం కొంత అతిశయోక్తి. మనిషి చూడకముందే దరఖాస్తు ఆగిపోవడానికి తరచు కారణం ఫారంలో ఉండే అవును-కాదు ప్రశ్నలు: ఆ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, ఇన్నేళ్ల అనుభవం ఉందా, ఫలానా లైసెన్స్ ఉందా. హడావుడిలో ఒకటి తప్పు నొక్కితే రెజ్యూమె ఎంత బాగున్నా అక్కడే ఆగుతుంది. సబ్మిట్ కొట్టే ముందు చివరి పేజీని స్క్రీన్‌షాట్ తీసుకుంటే ఏం నొక్కారో తరవాత చూసుకోవచ్చు.

మోసాల సంగతి క్లుప్తంగానే. డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, పేరు డిపాజిట్ అయినా ట్రైనింగ్ ఫీజు అయినా. మెయిల్ వచ్చిన డొమైన్ పేరుని (అడ్రస్‌లో @ తరవాత ఉండేది) ఐకాన్ (ICANN) అనే ఇంటర్నెట్ పేర్ల సంస్థ లుకప్ పేజీలో పెడితే అది ఎప్పుడు రిజిస్టరైందో చాలావాటికి తెలుస్తుంది. ముప్పయ్యేళ్ల సంస్థ పేరుతో వచ్చిన మెయిల్ మూడు వారాల డొమైన్ నుంచి వస్తే ఇక జవాబివ్వనక్కర్లేదు. పేరులో ‘కెరీర్స్’ అనో ‘హెచ్‌ఆర్’ అనో గీత పెట్టి తోకలా తగిలించి ఉంటే మరీ అనుమానించాలి.

తెలిసినవాళ్లని అడగడం మీద కూడా ఒక పెద్ద పరిశీలన ఉంది. లింక్డ్‌ఇన్‌లో అయిదేళ్ల పాటు 2 కోట్ల మంది మీద జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి. ఉద్యోగం మారడానికి బాగా ఉపయోగపడింది దగ్గరి స్నేహితులు కాదు, ఓ మోస్తరుగా తెలిసినవాళ్లు. దగ్గరివాళ్లకి తెలిసినవి మనకీ ముందే తెలిసి ఉంటాయి. పాత సహోద్యోగికో, సీనియర్‌కో రాసే మెసేజ్ నాలుగు వాక్యాలు దాటకూడదు: ఎక్కడ పరిచయమో, ఏ ప్రకటనో, ఏమి తెలుసుకోవాలనుకుంటున్నారో, ఎప్పటిలోగా చెబితే బాగుంటుందో. ‘ఏదైనా ఉంటే చూడండి’ అని రాస్తే అవతలివాళ్లకి చేయడానికేమీ ఉండదు.

సాయంత్రం షీటు శుభ్రం చేసే పని. నెల దాటినా పోర్టల్‌లో కనిపిస్తూ, ప్రతి వారం కొత్త తేదీతో పైకొచ్చే ప్రకటనలు కొన్ని ఉంటాయి. వాటిని సంస్థ సొంత కెరీర్స్ పేజీలో వెతకాలి. అక్కడ ఉంటే అక్కడినుంచే దరఖాస్తు, పోర్టల్ నుంచి కాదు. అక్కడ లేకపోతే షీటులో ఆ వరసకి బూడిదరంగు, అంటే లెక్కలోంచి తీసేసినట్టు. ఇవాళ్టి 20లో ఏవైనా పోతే, రేపు అంతే సంఖ్యలో కొత్తవి చేర్చి మళ్లీ లెక్కపెట్టాలి.