అరకులో మోటెల్ ఎందుకు పుట్టలేదు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి ఇరవై ఏళ్ళలో అమెరికాలోని చాలా కొండ ఊళ్ళకు దాదాపు ఒకే రూపు వచ్చింది. ఊరి నడుమ నుంచి పోయే రోడ్డు, దానికి ఇరుపక్కలా వరుస గదుల మోటెళ్ళు, ప్రతి గది ముందూ ఒక కారు. ఇంచుమించు అదే కాలంలో మన విశాఖపట్నం నుంచి అరకు లోయకూ కొత్త దారి పడింది. అక్కడా చలి, పొగమంచు, జలపాతాలు ఉన్నాయి; వాటిని చూడవచ్చే జనమూ ఉన్నారు. అయినా అరకులో మోటెల్ అనదగినది పుట్టలేదు. ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దారి ఎవరి అవసరం కోసం పడిందో, దారి పక్క నేల ఎవరిదో చూస్తే జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

మోటెల్ యుద్ధానికి ముందే మొదలైంది. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో ఆర్థర్ హైన్‌మన్ అనే వాస్తుశిల్పి 'మైల్‌స్టోన్ మో-టెల్' పేరుతో కట్టిన బసను తొలి మోటెల్‌గా చెబుతారు. లాస్ ఏంజెలస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు కారులో ఒక్క పగటిలో చేరడం కష్టమైన రోజులవి. అయితే అసలు ఊపు యుద్ధం తరువాతే వచ్చింది. 1942 ఫిబ్రవరిలో ఆగిపోయిన సొంత కార్ల తయారీ 1945లో తిరిగి మొదలైంది, పెట్రోలు రేషను ఎత్తేశారు, పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కుటుంబాలు జాతీయ పార్కుల దారి పట్టాయి. నగరాల్లోని పాత హోటళ్ళు రైల్వే స్టేషన్ల చుట్టూ ఉండేవి, వాటి దగ్గర కారు నిలుపుకునే చోటే తక్కువ. అందుకే రోడ్డు పక్కన కాస్త నేల ఉన్న భార్యాభర్తలు అప్పు తెచ్చుకుని పది పన్నెండు గదులు వేసి, ముందు ఆఫీసు, దాని వెనకే కాపురం పెట్టుకుని మోటెల్ నడిపారు.

టెనెసీ రాష్ట్రంలోని గాట్లిన్‌బర్గ్ ఇందుకు చక్కని ఉదాహరణ. అట్లాంటాలో స్థిరపడిన తెలుగువారికి అది మనకు అరకు లాంటిది. మా చెల్లెలి కుటుంబంతో నేనూ అక్కడికి వెళ్ళాను. 1916లో ఆండీ హఫ్ అక్కడ మౌంటెన్ వ్యూ హోటల్ తెరిచింది కలప వ్యాపారం మీద వచ్చేవారి కోసం. 1934లో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కు ఏర్పడింది, 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర దాన్ని జాతికి అంకితం చేశారు. యుద్ధం ముగిశాక ఆ కొండ దారిలో కార్లు బారులు తీరాయి. ఆ పార్కు కోసం ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళిపోయిన కొండ కుటుంబాలు ఎన్నో ఉన్నాయన్నది కూడా ఈ కథలో భాగమే.

మేము దిగినది ఏటి ఒడ్డున ఉన్న ఒక పాత మోటెల్. ప్రతి తలుపు పక్కనా రెండు ఇనుప కుర్చీలు వేసి ఉన్నాయి. వాటి వీపు గవ్వ ఆకారంలో ఉంది. ఆఫీసు కౌంటరు మీద గాజు పలక కింద పాత తాళంచెవులు పేర్చి పెట్టారు. ఒక్కొక్క చెవికీ ఒక ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద గది నంబరు, వెనక వైపు 'పొరపాటున తీసుకువెళితే ఏ పోస్టు డబ్బాలోనైనా వేయండి, తపాలా ఖర్చు మాది' అనే అర్థం వచ్చే మాటలు. ముక్కూ మొహం తెలియని బాటసారిని అంతగా నమ్మిన ఆ చిన్న వ్యాపారాల మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. 1956 చట్టంతో ఊళ్ళను తప్పించి పోయే 41,000 మైళ్ళ పెద్ద రహదారుల పథకం రావడం, 1952లో మెంఫిస్‌లో మొదలైన హాలిడే ఇన్ వంటి హోటల్ గొలుసు సంస్థలు విస్తరించడం వాటిని క్రమంగా దెబ్బతీశాయి.

ఇక మన అరకు. యుద్ధంలో చితికిపోయిన జపాన్ తన ఉక్కు పరిశ్రమను మళ్ళీ నిలబెట్టుకుంటున్నప్పుడు దానికి ఇనుప ఖనిజం కావలసి వచ్చింది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బైలాడిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపేందుకే 1960లలో కొత్తవలస–కిరండోల్ రైలుమార్గాన్ని వేశారు. తూర్పు కనుమలను తొలుచుకుంటూ 58 సొరంగాల గుండా పోయే ఈ మార్గంలో అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అంటే గాట్లిన్‌బర్గ్‌కు కార్లను పంపిన ఆ యుద్ధమే, మరో వైపు నుంచి, అరకుకు రైలును తెచ్చింది. కారు వచ్చిన చోట గది ముందు కారు నిలిపే బస కావాలి. గూడ్సుబండి కోసం వేసిన దారిలో మనుషులకు దక్కింది పొద్దున్నే బయలుదేరే కిరండోల్ ప్యాసింజరు. ఇడ్లీ పొట్లాలు కట్టుకుని, లోయ కనిపించే కుడివైపు కిటికీ కోసం పోటీపడి, బొర్రాలోనో అరకులోనో దిగి, సాయంత్రం అనంతగిరి ఘాట్ మీదుగా బస్సులో శృంగవరపుకోట దిగిరావడం విశాఖ వాళ్ళకు అలవాటైపోయింది. పర్యాటక సంస్థ నడిపే రైలు-రోడ్డు ప్యాకేజీ కూడా పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేదే. 2017 ఏప్రిల్‌లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చాక రద్దీ పెరిగింది కానీ ఈ అలవాటు పెద్దగా మారలేదు.

ఇంతకన్నా బలమైన కారణం నేల. ఏజెన్సీ భూములు కొండజాతుల చేతి నుంచి జారిపోకుండా 1917 నుంచే చట్టం ఉంది. 1959 నిబంధనకు 1970లో చేసిన సవరణ, అందరూ 1/70 చట్టం అని పిలిచేది, గిరిజనేతరులకు భూమి బదలాయింపును పూర్తిగా నిషేధించింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసి, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. ఆ వ్యాజ్యం పుట్టింది ఎక్కడో కాదు, బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీదే. కనుక మైదానం నుంచి ఎవరో వచ్చి రోడ్డు పక్క పది సెంట్లు కొని గదులు వేసే దారి ఇక్కడ చట్టప్రకారం మూసుకుపోయింది. బినామీ పేర్ల మీద వెలిసిన లాడ్జీల గురించి అరకులో అందరికీ తెలుసు. వాటిని అభివృద్ధి అనడానికి నాకు మనసొప్పదు.

మిగిలింది ప్రభుత్వ సంస్థ. అనంతగిరిలో, టైడాలో, అరకులో పర్యాటక సంస్థ కట్టిన కాటేజీలు మొదట పున్నమి, తరువాత హరిత పేర్లతో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు మొదలైన పద్మాపురం తోటలో చెట్ల మీద కట్టిన గుడిసెలూ ఉన్నాయి. ఆదివాసీ కుటుంబం తన నేల మీద తానే రెండు గదులు వేసి, తానే వండిపెట్టి నడిపే బసకు మాత్రం ఏ చట్టమూ అడ్డు కాదు. గాట్లిన్‌బర్గ్‌లో భార్యాభర్తలు నడిపిన మోటెల్‌కు అరకులో అసలైన చుట్టం ఇదే. అయితే ఆ నేలను వేలంలో గిరిజనేతరులు కొనలేరు కనుక, తాకట్టు పెట్టి బ్యాంకులో పెద్ద అప్పు తెచ్చుకోవడం ఆ కుటుంబాలకు కష్టం. పాడేరులోని ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ హామీగా నిలబడి, తాకట్టు లేకుండా వారికి రుణాలు ఇప్పిస్తే, ఘాట్ రోడ్డు పక్క గ్రామాల్లో ఆ రెండేసి గదులు లేస్తాయి.