క్యాలెండర్ మీద గీతలు

ఈ రోజు ఉదయం అమ్మకు పక్కబట్టలు మార్చి, మందులు వేసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టేసరికి ఎనిమిది దాటింది. ఆమె మంచం పట్టి 14 నెలలైంది. శని, ఆదివారాలు అన్నయ్య వచ్చి చూసుకోవాలన్నది మేమిద్దరం అనుకున్న మాట. తొమ్మిదింటికి ఫోన్ చేసి, పని పడిందనీ, వచ్చే వారం తప్పక వస్తాననీ చెప్పాడు. "సరే అన్నయ్యా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గోడ మీది క్యాలెండర్‌లో ఈ తేదీ పక్కన ఒక చిన్న అడ్డగీత గీశాను. అతడు రాలేకపోయిన రోజులన్నిటికీ అక్కడ అలాంటి గీతలున్నాయి. ఇంట్లో ఎవరికీ వాటి సంగతి తెలియదు.

గీత గీస్తున్నప్పుడు "ఇది నా సిలువ" అనుకున్నాను. ఆ మాట అనుకోవడంలో ఒక తీపి ఉంది. కష్టపడుతున్నది నేనే అన్న గర్వాన్ని అది భక్తి కిందికి చేరుస్తుంది.

మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక, రోజూ చదివే వరుసలో ఈ రోజుకు వచ్చిన మార్కు సువార్త 15వ అధ్యాయం తెరిచాను. కురేనీయుడైన సీమోను దగ్గర ఆగిపోయాను. పల్లెటూరి నుంచి వస్తూ ఆ దారిన పోతున్న మనిషిని పట్టుకుని, యేసు సిలువను మోయమని సైనికులు "బలవంతము చేసిరి" అని ఉంది. చూడడానికి వచ్చినవాడు కాడు, శిష్యుడని కూడా చెప్పలేదు. రోమా సైనికుడికి దారిన పోయేవాణ్ణి ఆపి, బరువు మోయించుకునే అధికారం ఉన్న రోజులవి. మన మాటల్లో చెప్పాలంటే అతడు వెట్టికి పట్టబడ్డాడు. యేసు కొండమీది ప్రసంగంలో, ఒక మైలు దూరం రమ్మని ఎవడైనా బలవంతం చేస్తే అతనితో రెండు మైళ్లు వెళ్లమన్న చోట కూడా మూల గ్రీకులో ఇదే క్రియ ఉంది. ఆ ప్రసంగం ఎన్నిసార్లు విన్నా, ఆ మైలు చివరికి యేసును సిలువ వేసిన గొల్గొతా దారిలోకి వచ్చి కలుస్తుందని నాకు ఇంతవరకు తట్టలేదు.

అమ్మ జబ్బును నేను కోరుకోలేదు, అన్నయ్య రాకపోవడాన్నీ కోరుకోలేదు. ఆ మేరకు నాదీ సీమోను స్థితే. అయితే సీమోను మోసింది తన సిలువ కాదు, మరొకరిది. నేను "నా సిలువ" అంటున్నది మాత్రం అసలు సిలువేనా అన్న అనుమానం అక్కడే మొదలైంది.

లూకా సువార్త 9వ అధ్యాయంలో యేసు "ప్రతిదినము తన సిలువను" ఎత్తుకోమన్నాడు. ఆ "ప్రతిదినము" లూకాలోనే ఉంది. అదే మాటను రాసిన మత్తయి, మార్కులలో లేదు. ఆ మాట మొదట విన్నవారికి సిలువ అంటే చిరాకు, మోకాళ్ల నొప్పి, ఆలస్యమైన బస్సు కాదు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణిగిన తరువాత ఇటలీలోని కాపువా నుంచి రోము దాకా దారి పొడవునా 6,000 మందిని సిలువ వేశారు. 1968లో యెరూషలేములో బయటపడిన ఒక సమాధిలో యెహోహానాను అనే వ్యక్తి మడమ ఎముక దొరికింది. మొదటి శతాబ్దంలో కొట్టిన ఇనుప మేకు అందులో ఇంకా గుచ్చుకునే ఉంది. సిలువ ఎత్తుకున్నవాడు సాయంత్రానికి ఇంటికి తిరిగి రాడు. కాబట్టి ప్రతిదినము సిలువ ఎత్తుకోవడమంటే నాలో ఏదో ఒకటి ప్రతిదినము చావాలి. ఈ ఇంట్లో చావవలసింది నా శ్రమ కాదు. అది రేపు ఉదయం కూడా ఉంటుంది, ఉండాలి కూడా.

ఇక్కడ ఒక మాట రాసుకోకపోతే తప్పవుతుంది. దెబ్బలు తినే భార్యతో "నీ సిలువ నువ్వు మోసుకో" అన్న పెద్దలను నేను చూశాను. అది సువార్త కాదు. విచారణలో ఒక బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు యేసు మౌనంగా ఊరుకోలేదు. "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడాన్ని సిలువ ఆపదు. అన్నయ్యతో "నా ఒక్కదానికి కష్టమవుతోంది, నువ్వు రావాలి" అని ఒక్కసారైనా నోరు విప్పి చెప్పానా అంటే, లేదు. గీతలు గీశాను, అంతే.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని ఉంది. ఇన్నాళ్లూ ఆ వచనాన్ని నా పాపాల వరకే చదువుకున్నాను. నా పత్రాన్ని అక్కడ కొట్టేశాక, అన్నయ్య పేరిట మరో పత్రాన్ని గోడకు తగిలించుకోవడానికి నాకు హక్కు ఎక్కడిది?

యోహాను సువార్తలో ఇంకొక సంగతి కనిపించింది. సిలువ మీద ఊపిరి తీసుకోవడమే కష్టమైన ఆ సమయంలో, "ఇదిగో నీ తల్లి" అని చెప్పి యేసు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించాడు. ఆయన సహోదరులుగా మార్కు సువార్త నలుగురి పేర్లు చెబుతుంది. సిలువ దగ్గర వారున్నారని మాత్రం ఎక్కడా లేదు. వారు ఎందుకు రాలేదని ఆయన అడగలేదు. తల్లి ఎక్కడ ఉండాలో చూసి, తరువాత "దప్పిగొనుచున్నాను" అన్నాడు.

సాయంత్రం అమ్మను పక్కకు తిప్పి, వీపు తుడుస్తుంటే, "పెద్దాడు వచ్చాడా?" అని అడిగింది. వచ్చే వారం వస్తాడమ్మా అన్నాను. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ పుల్లవిరుపు ఈసారి కొంచెం తక్కువగా ఉన్నట్టు నాకే అనిపించింది. అమ్మ గమనించిందో లేదో తెలియదు.

రాత్రి పదింటికి అన్నయ్యకు ఫోన్ చేసి, ఆదివారం ఒక్క పూటైనా రాగలవా, నాకు నిద్ర చాలడం లేదు అని చెప్పాను. ప్రయత్నిస్తానన్నాడు. ఆ తరువాత రబ్బరు తెచ్చి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఈ నెల గీతలన్నీ పోయాయి. వెనక నెలలు తిప్పి చూస్తే, అవి పెన్నుతో గీసినవి.