కరెంటు పోయొస్తే ప్రింటర్ ఎందుకు మాయమవుతుంది: ఇంటి రౌటర్, డీహెచ్‌సీపీ

బెంగళూరులో సాయంత్రం గట్టిగా ఉరిమితే కరెంటు పోతుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునేలోగా రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత నెట్ బాగానే ఉంటుంది, ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది, లేదా కెమెరా రికార్డర్ ఫోన్లో తెరుచుకోదు. అది నెట్ కంపెనీ లోపం కాదు. రౌటర్ ఇంట్లోని పరికరాలకి అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కోదాన్ని గుర్తుపట్టే ఐపీ నంబర్లు) పంచే పద్ధతి, అంటే డీహెచ్‌సీపీ, అక్కడ చూడాలి.

వైఫైలో కొత్తగా చేరిన ఫోన్‌కి అడ్రస్ ఉండదు. "అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్క్ మొత్తానికీ కేకేస్తుంది. "192.168.1.104 ఖాళీ" అంటుంది రౌటర్. "అదే ఇవ్వు" అంటుంది ఫోన్. "ఇచ్చాను" అని రౌటర్ ఖాయం చేస్తుంది. అడ్రస్‌తో పాటు సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రస్‌లు ఇంటి నెట్‌వర్క్‌లోవో చెప్పేది), గేట్‌వే (బయటి నెట్‌కి దారి), డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్‌గా మార్చేది) వివరాలూ అందుతాయి. ఈ మాటలు యూడీపీ అనే సందేశాల పద్ధతిలో, 67, 68 పోర్టుల (సాఫ్ట్‌వేర్‌లోని నంబరు ద్వారాలు) మీద నడుస్తాయి.

ఇచ్చింది శాశ్వతం కాదు, లీజు. బెంగళూరులో ఇంటి లీజంటే పెద్ద మొత్తం ఒకేసారి కట్టి నెలనెలా అద్దె లేకుండా ఉండటం. ఇక్కడ లీజంటే గడువు, అంతే. 24 గంటల లీజైతే మామూలుగా 12 గంటలకే పరికరం పొడిగించమని అడుగుతుంది. జవాబు రాకపోతే 21వ గంట నుంచి మళ్లీ అందరినీ అడుగుతుంది. 24 నిండినా ఎవరూ పలక్కపోతే అడ్రస్ వదిలేయాలి.

చిక్కు ఎక్కడంటే, ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో రాసుకున్న పట్టీని కొన్ని రౌటర్లు తాత్కాలిక మెమరీలోనే ఉంచుకుంటాయి, కరెంటుతో పాటు అదీ పోతుంది. యూపీఎస్ మీదున్న చిన్న నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లు కలిపే డబ్బా) కెమెరా రికార్డర్ కలిపి ఉందనుకోండి. దాని కేబుల్ లైటు ఆరదు కాబట్టి రౌటర్ ఆగిన సంగతే దానికి తెలియదు, 192.168.1.101 తనదే అనుకుంటూ ఉంటుంది. పట్టీ పోయిన రౌటర్ ఆ 101నే కొత్తగా చేరిన ఫోన్‌కి ఇవ్వొచ్చు. ఇచ్చేముందు పింగ్ చేసి, అంటే ఆ అడ్రస్‌లో ఎవరైనా పలుకుతారేమో అని, చూసే రౌటర్లు ఉన్నాయి, అన్నీ చూడవు. ప్రింటర్‌ది ఇంకో రకం: దానికి కొత్త అడ్రస్ వస్తుంది, లాప్‌టాప్ పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది.

చాలామంది ప్రింటర్లోనే అడ్రస్ టైపు చేసేస్తారు. నేను వద్దంటాను. ఆ సంగతి రౌటర్‌కి తెలియదు, అదే నంబరు ఇంకొకరికి ఇవ్వొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ పేజీ తెరిచి అడ్రస్ రిజర్వేషన్ చేయండి, అంటే ఆ పరికరానికి ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇమ్మని రౌటర్‌కి చెప్పండి. పంచే వరుస 100 నుంచి 199 వరకు పెట్టి, ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే పరికరానికి వచ్చే గుర్తింపు నంబరు) 192.168.1.20 లాంటిది కేటాయించండి. వరుస బయటి నంబరు మీ రౌటర్ ఒప్పుకోకపోతే లోపలిదే ఇవ్వండి. సేవ్ చేశాక ప్రింటర్‌ని ఆపి మళ్లీ వేయాలి, లేకపోతే పాత లీజుతోనే నడుస్తుంది. ఫోన్లకైతే జాగ్రత్త: ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి అసలు మ్యాక్ కాకుండా ఒక్కో వైఫైకి వేరే మ్యాక్ చూపిస్తాయి. ఫోన్ డబ్బా మీది నంబరు కాకుండా రౌటర్ జాబితాలో కనిపించేదే తీసుకోండి.

అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని అర్థం. ముందు కేబుల్, తర్వాత రౌటర్ చూడండి.

అన్నిటికన్నా తలనొప్పి రెండు రౌటర్లు. ఫైబర్ డబ్బాయే అడ్రస్‌లు పంచుతుంటుంది, పడకగదిలో సిగ్నల్ అందట్లేదని కొన్న రౌటర్ కూడా పంచుతుంది. ఒకదాని ఎల్ఏఎన్ పోర్టు (ఇంట్లోని పరికరాలు కలిపేది) నుంచి రెండోదాని ఎల్ఏఎన్ పోర్టుకి కేబుల్ పెడితే ఎవరి జవాబు ముందొస్తే వాళ్లదే అడ్రస్. కొత్త రౌటర్ తననే గేట్‌వేగా చెబుతుంది, దానికి బయటికి దారి లేదు. అందుకే ఒక ఫోన్లో నెట్ వస్తుంది, పక్క ఫోన్లో రాదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ipconfig /all కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అనే లైను చూస్తే ఎవరిచ్చారో తెలిసిపోతుంది.

కొత్త రౌటర్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది పెట్టండి, పని అయిపోతుంది. లేకపోతే ఫైబర్ డబ్బా 192.168.1.1 అయినప్పుడు, ముందు కొత్తదాని సొంత అడ్రస్ 192.168.1.2గా మార్చి, ఆ తర్వాతే దాని డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కి అడ్రస్ రాక ఆ సెట్టింగ్స్ పేజీయే తెరుచుకోదు. చివరగా కేబుల్‌ని దాని ఎల్ఏఎన్ పోర్టులోనే పెట్టండి.