హెపటైటిస్ బి తో నా కాన్పు: పాప రిపోర్ట్ నెగెటివ్ వచ్చింది

నిన్న సాయంత్రం పాప రిపోర్ట్ చేతికొచ్చింది. హెచ్‌బీఎస్ ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష) నెగెటివ్, ఆ వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు కూడా బాగా తయారయ్యాయి. పాపకిప్పుడు పదో నెల. పుట్టినప్పటి నుంచి ఈ కాగితం కోసమే కాచుకుని ఉన్నాను.

నాకు లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉందని మూడో నెల రక్తపరీక్షల్లో బయటపడింది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 2 లక్షలు దాటితే బిడ్డ కోసం మందు వాడాలన్నారు డాక్టర్, నాది 3 కోట్ల పైనే. 28వ వారం నుంచి టెనోఫోవిర్ 300 మి.గ్రా. రోజుకొకటి వేసుకున్నాను, 36వ వారానికి లోడ్ వేలల్లోకి దిగింది. మందుతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఏడిపించింది మాత్రం మేం చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రి ఓపీ. నా ఫైలు మీద ఎర్ర పెన్నుతో పెద్దగా పాజిటివ్ అని రాసేశారు. ఎనిమిదో నెలలో బీపీ కోసం లైన్లో నిలబడితే, సిస్టర్ ఆ ఫైలు చూసి ముప్పై మంది మధ్యలో "ఆ పాజిటివ్ అమ్మాయి పక్కకి రా, అందరిదీ అయ్యాక చూస్తాం" అని అరిచింది. నా పక్కన కూర్చోబోయినావిడ లేచి వేరే కుర్చీకి వెళ్లిపోయింది. అత్తయ్య నా వెంటే ఉన్నారు. ఆటోలో ఒక్క మాట లేదు, ఇంటికొచ్చాక నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. "ఆసుపత్రి వాళ్లే అలా దూరం పెడుతుంటే నాకేం తెలుస్తుందమ్మా" అన్నారు. ఆవిడని తప్పుపట్టలేను. చదువుకున్న సిస్టరే బీపీ పట్టీ చుట్టడానికి జంకితే ఇంట్లో పెద్దవాళ్లు భయపడరా? ఒకే కంచంలో తింటే, ముట్టుకుంటే ఇది అంటుకోదు. రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఈ మాట అక్కడ గోడ మీద ఒక్క కాగితమైనా అంటించి ఉంటే నేను ఆ రాత్రంతా ఏడ్చేదాన్ని కాదు.

బిడ్డ పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకి టీకా, రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీల) ఇంజెక్షన్ పడాలి. మాకు నొప్పులు మొదలయ్యాక ఆ ఇంజెక్షన్ స్టాక్ లేదన్నారు. మా ఆయన రాత్రి పదకొండింటికి నాలుగు మందుల షాపులు తిరిగి ఐస్ పెట్టి తెచ్చారు. తొమ్మిదో నెల రాగానే అదెక్కడ దొరుకుతుందో కనుక్కుని పెట్టుకోండి. దీనికోసం సిజేరియన్ అక్కర్లేదు, నాకు మామూలు కాన్పే అయింది, పాలు కూడా ఇస్తున్నాను. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి, మా ఆయనకి నెగెటివ్ వస్తే టీకా వేయించాం.

ఇంకో కోపం కూడా ఉంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో టెనోఫోవిర్ ఉచితంగా ఇస్తున్నారు, అయినా డెలివరీ అయ్యేదాకా మాకెవరూ చెప్పలేదు.

మందు మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్ చెప్పి ఆపించాక కూడా నాకు లివర్ ఎంజైమ్‌లు కొంత పెరిగి తగ్గాయి. వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది, తోడుగా తనే వస్తానన్నారు అత్తయ్య.