స్పితికి రెండోసారి

మొదటిసారి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకి మనాలి వైపు నుంచి వెళ్లాం, అక్కా నేనూ. పొద్దున్నే బయల్దేరి, 4,500 మీటర్ల పైన ఉన్న కుంజుమ్ కనుమ దాటి సాయంత్రానికి స్పితిలోని కాజా ఊరు చేరాం. ఆ రాత్రి అక్కకి భరించలేని తలనొప్పి, వాంతులు. ఒక్కసారిగా అంత ఎత్తుకి వచ్చినందువల్లే అని, వెంటనే కిందికి దిగిపొమ్మన్నారు డాక్టరు. తెల్లారగానే కిన్నౌర్ వైపు దిగిపోయాం. దారిలోనే పాత బౌద్ధ మఠం ఉన్న తాబో ఉంది. అక్క కళ్లు కూడా తెరవలేదు.

మరుసటేడు సెప్టెంబరులో సిమ్లా నుంచి మొదలుపెట్టాం. చాలా పొడుగు దారి. కానీ ఎత్తు మెల్లగా పెరుగుతుంది. సిమ్లా 2,200 మీటర్లు, కల్పా దాదాపు 2,900, నాకో 3,600. తలనొప్పి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. రోజూ లేవగానే అవే ప్రశ్నలు: "తల నొప్పిగా ఉందా అక్కా? ఆకలేస్తోందా?" నాకోలో ఒక పూట తల బరువుగా ఉందంది. నాకు పాత టెన్షన్ మళ్లీ మొదలైంది. ఇంకో రోజు అక్కడే ఉండిపోయాం. ఆ రోజు వృథా అని ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.

తాబో నాకో కన్నా కిందే. అందుకే అక్కడ ప్రాణం హాయిగా ఉంది. 996లో కట్టిన మఠం. బయటి నుంచి చూస్తే మన పల్లెల్లోని పాత మట్టి మిద్దెల్లాగే ఉంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది. చీకటికి కళ్లు అలవాటు పడేకొద్దీ గోడల్లోంచి మట్టి బొమ్మలు ఒక్కొక్కటే ముందుకొచ్చాయి. మధ్యలో నాలుగు దిక్కులా చూసే వైరోచన బుద్ధుడు. అక్క చాలాసేపు కూర్చుండిపోయింది.

ఏ ఊరని అడిగారు ఒక లామా. గుంటూరంటే తెలియలేదు. అమరావతి అనగానే చేతులు జోడించారు. బుద్ధుడు కాలచక్రం అనే తాంత్రిక బోధ చేసింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం, అంటే మన అమరావతిలో. దలైలామా 1996లో తాబోలో, 2006లో అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. చిన్నప్పుడు మేం ఆడుకున్న స్తూపం దిబ్బ గురించి ఇంత దూరంలో అంత భక్తిగా వింటుంటే నాకు గొంతు పట్టేసింది.

రెండు రాత్రుల తర్వాత ధన్‌కర్ వెళ్లాం. కొండ అంచున వేలాడుతున్నట్టుండే మఠం, దాని పైన 4,100 మీటర్ల ఎత్తులో చెరువు. ఎక్కడం నిటారుగా ఉంది. ముప్పై అడుగులు వేయడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, రెండు గుక్కల నీళ్లు తాగడం. మమ్మల్ని దాటి వెళ్లేవాళ్లతో పోటీ పడలేదు. గంటన్నర పట్టింది. గట్టు మీద అక్క పక్కన కూలబడి, ఆ పది రోజులూ అడిగిందే మళ్లీ అడిగాను.

"తలకేం కాలేదు గానీ, ఆకలి దంచేస్తోందే" అంది.