జ్వరం దిగిన రాత్రి

జ్వరం ఉన్నన్ని రోజులూ నాకు ఏమీ కాలేదు; అది దిగిన రోజునే ప్రాణం మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరులో వానలు వెనుకబట్టి దోమలు ముసిరిన రోజుల్లో నాకు డెంగీ సోకింది. వరంగల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను తెలుగు చెబుతాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. వేరుపడ్డాక మాకు కొత్త రేషన్ కార్డు రాలేదు కాబట్టి ఆరోగ్యశ్రీ అక్కరకు రాలేదు. ఉన్నదల్లా మా వాడలోని మహిళా పొదుపు సంఘం నడిపే ఆరోగ్య నిధి కార్డు ఒక్కటే.

ఆ కార్డు తీసుకోవద్దని ఇంట్లో వాదించినదాన్ని నేనే. మనిషికి ఏడాదికి మూడు వందల చొప్పున ఇంట్లోని ఐదుగురికీ కట్టాలి, రోగం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. రోగం ఉన్న ఒక్కరి పేరు రాసి మిగతావాళ్ళను వదిలేస్తే నిధి ఏడాది కూడా నిలవదనీ, మిగిలిన డబ్బు ఎవరి లాభంలోకీ పోకుండా మరుసటి ఏడాది రోగులకే ఉంటుందనీ సంఘం అక్క రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పింది. మా అత్తమ్మ నాతో చెప్పకుండా తన పింఛను డబ్బులోంచి కట్టింది. నేను వాదించింది తప్పనే మాట ఆమెకు ఇంతవరకు ఎదురుగా చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

ఐదో రోజు పొద్దున ఒళ్ళు చల్లబడింది. అత్తమ్మ గంజి కాచింది, "జ్వరం దిగింది గద, ఇంక దవాఖాన ఎందుకు?" అని మా బావ అన్నాడు, అందరం ఊపిరి పీల్చుకున్నాం. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గే వేళకే మొదలవుతుందనీ, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుందనీ మాలో ఒక్కరికీ తెలియదు. పొద్దుగూకేసరికి కడుపులో నొప్పి, ఆగని వాంతులు. అరచేతులు చల్లబడ్డాయి, మూత్రం దాదాపు ఆగిపోయింది. రాత్రి పది గంటలకు ఆటోలో హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్లేట్‌లెట్లు ఇరవై ఎనిమిది వేలకు పడిపోయాయి.

కౌంటరులో ముందు నలభై వేలు కట్టమన్నారు. మా ఆయన కార్డు చూపించాడు. అక్కడే నిలబడి ఉన్న డ్యూటీ డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "సంఘం కార్డా? చిట్టీలు కట్టుకునేటోళ్ళు గూడ ఐసీయూ అడుగుతున్నరా?" అన్నాడు. నేను స్ట్రెచర్ మీద ఉన్నాను, నాకు వినబడుతుందని అతనికి తెలుసు. వాంతుల బాధ మరిచిపోయాను గానీ ఆ మాట మరిచిపోలేదు. తెల్లవార్లూ గంట గంటకూ వచ్చి బీపీ చూసి, సెలైన్ వేగం మార్చి నన్ను కాపాడినది కూడా ఆ డాక్టరే. రెండూ నిజమే, ఒకదానికి ఒకటి చెల్లు కాదు.

పదకొండున్నరకు సంఘం అక్క తన కొడుకు బండి మీద నిధి ఉత్తరం పట్టుకొని వచ్చింది. అప్పటికే నాలుగు సంచుల ప్లేట్‌లెట్లు తెమ్మని మా ఆయనకు చీటీ రాసిచ్చారు, అతను అప్పు కోసం ఫోన్లు చేస్తున్నాడు. అక్క నిధికి సలహా ఇచ్చే డాక్టరును ఫోన్‌లో నిద్ర లేపింది. రక్తస్రావం లేనప్పుడు, సంఖ్య పదివేలకు పైన ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర లేదనీ, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీని చూస్తూ సెలైన్ సరిచేయడమే ముఖ్యమనీ ఆయన డ్యూటీ డాక్టరుతోనే నేరుగా మాట్లాడాడు. చీటీ వెనక్కి తీసుకున్నారు. అక్క ఆ రాత్రి వరండాలోనే కూర్చుంది. కళ్ళు మూతలు పడుతుంటే సమ్మక్క తల్లికి నా ఎత్తు బంగారం మొక్కుకున్నాను. అక్కడ బంగారమంటే బెల్లమే; ఆ తర్వాత మేడారం పోయి నా బరువుకు బెల్లం తూచి ఆ మొక్కు తీర్చుకున్నాను.

కొద్ది రోజులకు తేరుకున్నాను. బిల్లు నలభై ఆరు వేలు. నిధి పరిమితి ముప్పై వేలు. మిగతా పదహారు వేలు సంఘమే నూటికి రూపాయి వడ్డీకి అప్పు ఇచ్చింది. బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే ఇప్పటికీ తీరేది కాదు. ముప్పై వేలు చాలవన్నది నాకు ఇప్పటికీ ఉన్న ఫిర్యాదు, ప్రతి సమావేశంలోనూ చెబుతూనే ఉన్నాను. డెంగీ వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి బిళ్ళా సొంతంగా వేసుకోకండి, జ్వరం దిగిన రెండు రోజులు మనిషిని ఒంటరిగా వదలకండి.

ఇప్పుడు నేను నిధి క్లెయిముల కమిటీలో ఉన్నాను. మొన్న ఒకామె భర్తకు కిడ్నీలో రాయి వచ్చింది. నిధిలో చేరి ఇరవై రోజులే అయింది, ముప్పై రోజులు నిండాలని నియమం. ఐదుగురం గంటసేపు మాట్లాడుకొని కాదన్నాం, కాగితం మీద సంతకం నేనే పెట్టాను. "నీకైతే అర్ధరాత్రి ఉరికి వచ్చిన్రు" అని ఆమె నా ముఖం మీదే అన్నది. నేను బదులు చెప్పలేదు. మరుసటి రోజు బడికి సెలవు పెట్టి, ఆమె భర్తతో పాటు ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంలో ఓపీ వరుసలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాను.